బొగ్గు ధూళికి రాతిపొడి విరుగుడు

1906 మార్చి 10న ఉత్తర ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనుల్లో పేలుడు జరిగి 1,099 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. అక్కడ పేలే వాయువు మీథేన్ పెద్దగా లేదని అందరూ ధీమాగా ఉండేవారు. కిలోమీటర్ల కొద్దీ సొరంగాల్లోకి మంటను మోసుకుపోయింది బొగ్గు ధూళి. 1844లోనే ఇంగ్లండులోని హాస్వెల్ గని ప్రమాదాన్ని పరిశీలించిన మైకేల్ ఫారడే, చార్లెస్ లైయల్ ధూళి వల్ల ముప్పు ఉందని చెప్పారు. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

బొగ్గు గడ్డ నిదానంగా కాలుతుంది. అదే బొగ్గు మెత్తటి పొడై గాలిలో తేలితే ప్రతి రేణువు చుట్టూ ఆక్సిజన్ ఉంటుంది. ఘనమీటరు గాలిలో 50 గ్రాములకు అటూ ఇటూగా పొడి ఉంటే చాలు, పేలుడుకు సరిపోతుంది. మామూలుగా మొదలయ్యేది చిన్న మీథేన్ పేలుడుతోనే. దాని ఒత్తిడి మంటకంటే ముందు పరుగెత్తి నేల మీదా గోడల మీదా పడి ఉన్న ధూళిని లేపుతుంది. వెనకే వచ్చే మంటకు అదే మేత. అది కాలితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, ఇంకా ధూళి లేస్తుంది. మంట సోకనివాళ్లను కూడా తర్వాత కార్బన్ మోనాక్సైడ్ చంపేస్తుంది.

మందు చాలా చవకైనది: సున్నపురాయి పొడి. యార్క్‌షైర్ గని ఇంజనీరు విలియం గార్‌ఫోర్త్ ఆల్టాఫ్ట్స్‌లో 1908 నుంచి ప్రయోగాలు చేసి దీని బలాన్ని చూపించారు. పేలుడు గాలి బొగ్గుతో పాటు ఈ పొడినీ లేపుతుంది. రాయి కాలదు, పైగా మంటలోని వేడిని లాగేసుకుంటుంది. పైకప్పు కింద పలకల మీద పొడిని పేర్చి ఉంచడం మరో ఏర్పాటు. పేలుడు తాకిడికి ఆ పలకలు తిరగబడి, మంటకు ఎదురుగా పొడి తెర లేస్తుంది.

చిక్కంతా ఆ తర్వాతే ఉంది. నిన్న చల్లిన తెల్లపొడి మీద నేడు తవ్విన నల్లధూళి పల్చటి పొరగా పడితే, ముందుగా లేచేది ఆ పై పొరే. తేమకు గట్టిపడిన రాతిపొడి అసలు లేవదు. అందుకే చల్లుతూనే ఉండాలి, నమూనాలు తీసి పరీక్షిస్తూనే ఉండాలి. 2010లో అమెరికాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 29 మంది చనిపోయారు. దర్యాప్తులో అక్కడి నమూనాల్లో ఎక్కువ భాగంలో రాతిపొడి చాలినంత లేదని తేలింది. గనిలోకి గాలి వచ్చే దారుల్లోని ధూళిలో కాలని పదార్థం కనీసం 65 శాతం ఉండాలన్న నిబంధనను ఆ తర్వాతే 80 శాతానికి పెంచారు.

మన దేశంలో 1965లో, నేటి ఝార్ఖండ్‌లోని ధోరీ గనిలో పేలుడుకు 268 మంది బలయ్యారు. సింగరేణిలో నేటికీ భూగర్భ గనులు నడుస్తున్నాయి. రాతిపొడి చల్లే పని టన్నుల లెక్కలో కనిపించదు, అందుకే ఉత్పత్తి ఒత్తిడి పెరిగినప్పుడు ముందుగా వాయిదా పడే ప్రమాదం దానికే ఉంది. పొడి చల్లని చోట ఆ షిఫ్టులో బొగ్గు తీయకుండా ఆపే అధికారం కార్మికుడి చేతిలోనూ ఉండాలి.