పాలీహౌస్ స్ట్రాబెర్రీ: మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూడండి

లంబసింగి చలిలో పండే స్ట్రాబెర్రీ మన ఎండ ప్రాంతంలో మందుల్లేకుండా పండుతుందా అని చాలామంది అడుగుతున్నారు. పండుతుంది. కానీ మొదటి ఏడాది సగం మొక్కలు పోయాకే నాకు కిటుకు తెలిసింది.

నేను చేసిన తప్పేంటంటే, పురుగు రాకూడదని పాలీహౌస్ పక్క కర్టెన్లు మూసే ఉంచా. లోపల వేడెక్కి గాలి పొడిబారింది. ఎర్రనల్లికి కావాల్సింది అదే. ఆకు కింద సాలెగూడు లాంటి దారాలు కనిపించేసరికి ఆలస్యమైపోయింది.

రెండో ఏడాది పగలు కర్టెన్లు ఎత్తి, పైన షేడ్‌నెట్ వేశా. అక్టోబరులో ఎత్తు బెడ్ల మీద నాటా. మొవ్వు మట్టిలో కూరుకుపోతే కుళ్లిపోతుంది, జాగ్రత్త. గడ్డి మల్చింగ్ వేసి, జీవామృతం గుడ్డతో వడకట్టి డ్రిప్‌లో ఇచ్చా. వారానికి రెండుసార్లు ఆకులు తిప్పి చూసేవాణ్ణి. నల్లి ఉన్న ఆకులు తుంచి బయట కాల్చేసి, మిగతావాటి అడుగున లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట కొట్టా.

తర్వాత కాయలు వంకరగా వచ్చాయి. "మందు కొట్టు తమ్ముడూ" అన్నాడు పక్క రైతు. చూస్తే పురుగు లేదు, తెగులు లేదు. నెట్ లోపలికి తేనెటీగలు రాక పరాగసంపర్కం సరిగా జరగలేదు, అంతే. మందు కొట్టి ఉంటే వచ్చే ఆ నాలుగు ఈగలూ చచ్చేవి. రోజూ పొద్దున మెత్తటి బ్రష్‌తో పూలను మెల్లగా తుడిచా. ఆ పూలకు కాయలు తీరుగా వచ్చాయి.

బ్రష్ ఎలా తిప్పాలో వీడియోలో చూపించాను. మా పాప మొక్క మీది పండు తెంపి అక్కడే తింటుంది. వద్దనాల్సిన పని లేదు.