పెన్నేరు గడ్డయు నేటి బడలికయు

పెన్నేరు గడ్డ మన నాటువైద్యులకు క్రొత్త యోషధి కాదు. చిక్కిపోయిన దేహమునకు దీని చూర్ణమును పాలలో కాచి యిచ్చుట వారికి తరతరముల వాడుక. సంస్కృతమున అశ్వగంధ యని పిలువబడు నీ వేరు నేడు క్యాప్సూళ్లలో దూరి, ఒత్తిడిని హరించునదను బిరుదు దాల్చి, హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల మందుల దుకాణములందే గాక న్యూయార్కు, లండను నగరముల యంగళ్లలోను అమ్ముడుపోవుచున్నది. పగలెల్ల కంప్యూటరు నెదుట కూర్చుండు నుద్యోగులు, పరీక్షలకై రాత్రులు మేల్కొను విద్యార్థులు, ఇంటిపనియు బయటిపనియు మోయు గృహిణులు దీనిని వైద్యుని యడుగకయే మ్రింగుచున్నారు. ఒకవంక దీనిని సకలశ్రమహారియని పొగడు ప్రకటనలు; మఱియొకవంక 2023లో దీనిని నిషేధించిన డెన్మార్కు ప్రభుత్వపు టుత్తరువు. ఈ రెంటి నడుమ నిజమెంతయో విచారించుట మన విధి. ఏలయన నీ వేరు మన పొలములలో పండునది, మన యిండ్లలో వాడబడునది.

పచ్చివేరు గుఱ్ఱపు వాసన వేయుటచే దీనికి అశ్వగంధ యను పేరు కలిగినది. వంగ, టమాటాల కుటుంబమునకు చెందిన చిన్న పొద యిది. పాశ్చాత్య వృక్షశాస్త్రజ్ఞులు దీని పేరులో నిద్ర పట్టించునదను నర్థము గల లాటిను పదమును చేర్చిరి. అనంతపురపు సీమలో పారు నదికిని, ఆ సీమ మెట్టలలో పండు నీ వేరునకును తెలుగున నొకే పేరగుట వింతగా నున్నది. దాని మూలమును భాషాపండితులు తేల్చుకొందురు గాక.

చరకసంహిత యీ యోషధిని బృంహణీయ గణమునను, బల్య గణమునను చేర్చినది. అనగా కృశించినవానికి పుష్టినిచ్చునదియు, బలహీనునకు బలమిచ్చునదియు నని తాత్పర్యము. ఆ గ్రంథమే నిద్రను దేహమును నిలబెట్టు మూడు ఉపస్తంభములలో నొకటిగా పేర్కొన్నది. ఆహారమును నిద్రయు చక్కబెట్టి, ఆపై నోషధి నిచ్చుట ప్రాచీనుల క్రమము. రాత్రి రెండు గంటలవరకు సెల్‌ఫోను చూచి, తెల్లవారి అశ్వగంధ గుళికను మ్రింగువాడు కంబమును పెరికివేసి ఆ గుంటలో వేరును నాటుచున్నాడు. ఇట్టివానికి గుణము కనబడకున్న నది చరకుని తప్పు గాదు.

ఒత్తిడి యను భావము వైద్యశాస్త్రమున ప్రవేశించుట 1936 నాటి మాట. ఆ సంవత్సరమున హాన్స్ సెల్యీ యను శాస్త్రజ్ఞుడు కెనడాలోని మాంట్రియలు నగరమున ఎలుకలపై పరిశోధనలు చేసి, చలి, గాయము, విషము మున్నగు భిన్నభిన్న బాధలకు దేహ మొకే తీరున లోనగుచున్నదని 'నేచర్' పత్రికలో ప్రకటించెను. 1947లో సోవియట్ దేశపు నికొలాయ్ లాజరేవ్ 'అడాప్టోజెన్' అను పదమును కల్పించెను. ఏ బాధ వచ్చినను దానిని తట్టుకొను శక్తిని దేహమునకు సామాన్యముగా పెంచుచు, తాను మాత్రము హాని చేయని ద్రవ్యమని దాని భావము. మనము దీనిని సహనవర్ధకము అనవచ్చును. ఆయన తరువాత ఇజ్రాయెల్ బ్రెఖ్మాన్ సైబీరియా ప్రాంతపు ఎల్యూథెరోకాకస్ అను మొక్కపై విశేషకృషి చేసి యీ భావమునకు ప్రచారము తెచ్చెను. అశ్వగంధ కీ బిరుదు తగిలించుట పిమ్మట జరిగినది.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. హాని చేయకుండుట యనునది ఆ పదముయొక్క నిర్వచనములోనే యిమిడియున్నది. కావున నొక వేరును సహనవర్ధకమని పిలిచినంతనే అది నిరపాయకరమని ఋజువైనట్లు కొనువాడు భ్రమపడుచున్నాడు. ఋజువు చేయవలసినదానిని పేరులోనే దాచిపెట్టుట వర్తకమునకు సులువు. 2008లో ఐరోపా ఔషధ సంస్థ యీ పదము వైద్యపరిభాషలో నంగీకారము పొందినది కాదని తన యభిప్రాయమును వెల్లడించినది.

పేరు నటుండనిచ్చి ఫలమును చూతము. ఈ విషయమున తఱచుగా నుదహరింపబడు పరీక్ష మన హైదరాబాదు నగరముననే జరిగి 2012లో ప్రకటింపబడినది. చిరకాలముగా నొత్తిడితో బాధపడు 64 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టునకు దినమునకు రెండు పర్యాయములు 300 మిల్లీగ్రాముల చొప్పున వేరుసారమును, రెండవ జట్టునకు మందులేని యుత్త గుళికను 60 దినము లిచ్చిరి. ఎవరి కేది యిచ్చిరో వారికి తెలియదు. తుదకు ఒత్తిడిని కొలుచు ప్రశ్నావళిలో సారము పుచ్చుకొన్నవారి లెక్క నూటికి 44 వంతులు తగ్గగా, ఉత్తగుళిక వారిది అయిదున్నర వంతులు మాత్రమే తగ్గినది. మూత్రపిండములపై నుండు గ్రంథులలో పుట్టి, ఒత్తిడివేళ రక్తమున హెచ్చు కార్టిజోల్ అను రసము మొదటి జట్టున నూటికి సుమారు 28 వంతులు తగ్గినది. నిద్రను గూర్చి 5 పరీక్షలను, వానిలోని 400 మందిని కలిపి చూచిన సమీక్ష యొకటి 2021లో వెలువడినది. నిద్ర కొంత మెఱుగగుచున్నదనియు, ఆ మెఱుగు కొలదియే యనియు, దినమునకు 600 మిల్లీగ్రాములకు తక్కువ గాకుండ ఎనిమిది వారములైన వాడినచో నది స్ఫుటతరమనియు దాని సారాంశము.

ఇవి తీసివేయదగిన ఫలితములు గావు. కాని 64 మందిపై రెండు నెలలు జరిగిన పరీక్షను చూపి కోట్లమంది జీవితాంతము వాడవచ్చునని చెప్పుట సాహసము. ఇట్టి పరీక్షలలో పెక్కు రెండు మూడు నెలలకు మించలేదు. పెక్కింట వాడిన సారమును తయారుచేసిన సంస్థలే సరఫరా చేసినవి. ఒకటి రెండేండ్లు ఎడతెగక వాడినవారి దేహమున నేమి జరుగునో యీ పరీక్షలు తెలుపజాలవు. ఒత్తిడిచే నిద్రచెడినవానికి కొన్నివారములు ఉపశమన మిచ్చు గుణ మీ వేరున కలదనియే మేము తలచుచున్నాము. అంతకు మించి చెప్పు ప్రకటనకర్తలు తమకు తెలియనిదానిని అమ్ముచున్నారు.

చూర్ణమునకును సారమునకును గల భేదమును మనవారు తఱచుగా మఱచుచున్నారు. భారత ఆయుర్వేద ఔషధకోశము వేరుచూర్ణమునకు 3 మొదలు 6 గ్రాముల మోతాదును విధించినది. అంగడిలోని గుళికలో నుండునది చూర్ణము గాక, ద్రవములతో పిండి చిక్కబఱచిన సారము. విథనోలైడ్లు అను ద్రవ్యము లందు పెక్కు రెట్లు సాంద్రమై యుండును. తాతగారు చెంచాతో పాలలో వేసుకొన్నారు గనుక మనుమడు గుళికలను పిడికెడు మ్రింగవచ్చు ననుట, చెఱకు నమలినవానికిని బెల్లపుటచ్చు తిన్నవానికిని భేదము లేదనుటయే. పైగా ఆకులో విథఫెరిన్-ఏ యను తీవ్రద్రవ్యము వేరునందుకంటె హెచ్చు. ఆకు చౌక, వేరు ప్రియము. వేరుసారమున ఆకుసారమును కలుపుట లాభసాటి యగుటచే, ఆకును వాడవలదని కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ 2021లో తయారీదారులకు సూచింపవలసివచ్చినది.

ఇక హానిని గూర్చి. ఐస్‌లండు, అమెరికాలలో అశ్వగంధ వాడిన అయిదుగురికి కాలేయము చెడి కామెర్లు పుట్టిన వృత్తాంతము 2020లో వైద్యపత్రికలో వచ్చినది, వారందఱును కోలుకొనిరి. 2023లో మన దేశపు వైద్యులు, ఇతర మూలికలతో కలుపక అశ్వగంధనే వాడి కాలేయవ్యాధికి లోనైన 8 మంది చరిత్రలను ప్రకటించిరి. అందు అయిదుగురికి కాలేయమున పూర్వమే దీర్ఘవ్యాధి కలదు. వారిలో ముగ్గురు మృతినొందిరి. వాడుచున్న లక్షలమందితో పోల్చిన నీ సంఖ్య స్వల్పమే. అయినను కాలేయము చెడినవాడు దీనిని తాకరాదని తెలియుటకు ముగ్గురి మరణము చాలదా?

థైరాయిడు గ్రంథి విషయము మఱింత సామాన్యము. ఆ గ్రంథి కొంచెము మందగించిన 50 మందిపై జరిగి 2018లో ప్రకటితమైన పరీక్షలో ఎనిమిది వారములలో దాని రసము లధికమైనవి. మందగించినవానికి మేలుగా తోచు నీ గుణమే, ఇదివఱకే మాత్రలు వాడుచున్నవారికిని, గ్రంథి యతిగా పనిచేయువారికిని కీడు కావచ్చును. మధుమేహమునకు, రక్తపుపోటునకు, నిద్రకు మందులు వాడువారు వైద్యునితో చెప్పకుండ దీనిని చేర్చుకొనరాదు. గర్భిణులు దీనిని మానవలయును. డెన్మార్కు వా రాశంకించినదియు థైరాయిడు, లైంగిక రసములు, గర్భస్రావములను గూర్చియే. వారి కాధారమైన 2020 నాటి నివేదిక వేరును ఆకును వేఱుచేసి చూడలేదని మన పండితు లాక్షేపించిరి. ఆ యాక్షేపణ న్యాయమే. కాని ఆ రెంటిని కలిపి గుళికలలో నింపినవారు డేనులు గారు గదా!

అన్నింటికంటె మాకు భయము గొలుపునది వేఱొకటి. బడలిక యనునది రోగము గాదు, రోగముల గుర్తు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనలని తేలినది. మన తెలుగు రాష్ట్రములు రెండును ఆ సగటునకు తీసిపోలేదు. రక్తము లేనిదై మేడమెట్లెక్కుటకు రొప్పుచున్న యిల్లాలికి కావలసినది ఇనుము, దానికి ముందు రక్తపరీక్ష. మధుమేహ మారంభమగునపుడు మనుష్యుడు డస్సిపోవును. క్షయ మొదలైనపుడు డస్సిపోవును. నిద్రలో గుఱకపెట్టి ఊపిరి నిలిచిపోవువాడు పది గంటలు పరుండియు ఉదయమున అలసియే లేచును. మనోవ్యాకులతతో మంచము దిగజాలని యువకుని అలసట యని తలిదండ్రులు తలచుట మన యిండ్లలో నిత్యకృత్యము. వీరందఱు మొదటి మూడు నెలలు అశ్వగంధతో గడపినచో, కొంత నిద్రపట్టి మేలుగానే తోచును; ఆ మేలుచాటున రోగము ముదురును. మందు పనిచేయకపోవుటకంటె కొంచెము పనిచేయుటయే యిచ్చట ప్రమాదము.

భూస్వాములకును ఇందు ప్రయోజనము కలదు. ఈ పైరునకు మధ్యప్రదేశమందలి మందసౌర్, నీమచ్ జిల్లాలు ప్రసిద్ధములు. నీమచ్ అంగడియే దేశమున దీని ధరను నిర్ణయించుచున్నది. మన అనంతపురపు మెట్టలలో కేంద్ర ఔషధ సుగంధ మొక్కల సంస్థయొక్క హైదరాబాదు కేంద్రము వారు దీనిని ప్రవేశపెట్టి 'పోషిత' మొదలగు రకములను రైతుల కిచ్చిరి. వాన తక్కువైన యెఱ్ఱనేలలు, ఇసుకపాలు గల గరువులు దీనికి తగును. నీరు నిలుచు నల్లరేగడిలో వేరు కుళ్లును. వెదజల్లినచో హెక్టారునకు 10 మొదలు 12 కిలోల విత్తనము పట్టును. ఆకులు పండుబారి కాయ లెఱుపెక్కు వఱకు, అనగా 150 మొదలు 180 దినములు పైరు పొలమున నుండును. ఎండిన వేరు సామాన్యముగా హెక్టారునకు 3 మొదలు 5 క్వింటాళ్లు. వేరుశనగకు వాన చాలక యేటేట నష్టపోవు రైతునకు ఇది యొక యాసరా కాగలదు. అయినను కొనువారితో ముందుగా మాట యనుకొనక ఎకరముల కొలది విత్తవలదని మా సలహా. దూరపుటంగడి ధర యొకయేడు వలె మఱియొకయేడు ఉండదు.

రైతు వేరును కంఠముకడ కోసి, నీడ నారబెట్టి, లావును పొడవునుబట్టి తరగతులుగా విడదీసి గోతాల కెత్తుచున్నాడు. సన్నవేరునకొక ధర, ముద్దవేరునకొక ధర, ఆకు కాడలకు వేఱొక ధర. ఇంత శ్రద్ధగా కళ్లమున పాటింపబడు భేదము సీసా దగ్గఱకు వచ్చునప్పటికి మాయమగుచున్నది. మొక్కలో నేభాగమును వాడిరో, చూర్ణమో సారమో, విథనోలైడ్ల పాలెంతయో, ఎవ్వరు వాడరాదో స్పష్టమగు తెలుగున నచ్చువేయని సీసాను దుకాణమున నుంచనీయరాదు. అమ్మకమునకు వచ్చినవానిని అప్పుడప్పుడు ప్రభుత్వ పరీక్షాశాలలు కొని పరీక్షించి ఫలితములను పత్రికలకీయవలయును. మన వైద్యులును రోగి వాడు మందులను వ్రాసికొనునపుడు మూలికలను గూర్చియు తప్పక యడుగుదురు గాక. అడుగనిదే మనవారు చెప్పరు; పెన్నేరు గడ్డను మందుల లెక్కలో జేర్చుట మన యిండ్లలో నలవాటు లేదు.