ఉమ్మి మింగితే రోజా పోతుందా?

మనలో కొందరం శనివారం ఒక్కపొద్దు ఉంటాం. ముస్లిం అక్కచెల్లెళ్లు రంజాన్ నెలంతా రోజా ఉంటారు. తెల్లవారక ముందే సహరీ తింటారు. ఆ తరువాత పొద్దుగూకే దాకా అన్నం లేదు, నీళ్లు లేవు. మసీదులో అజాన్ వినబడినంక ఖర్జూరం తిని రోజా విడుస్తారు.

రంజాన్ నెలకు 29 లేదా 30 రోజులు. అది చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టే నెల. అందుకే ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఒక్కోసారి చలికాలంలో వస్తుంది. ఒక్కోసారి మండే ఎండల్లో వస్తుంది.

రోజా ఉన్నా ఒంటి పనులు ఆగవు కదా! మరి ఏం చేయవచ్చు?

నోట్లో ఊరిన ఉమ్మి మింగితే రోజా పోదు. వేపపుల్లతో పళ్లు తోముకోవచ్చు. స్నానం చేయవచ్చు. నోరు పుక్కిలించవచ్చు, నీళ్లు గొంతు దిగరాదు. కూరలో ఉప్పు చూడాల్సి వస్తే నాలుక కొసన పెట్టి ఉమ్మివేయాలె. మరిచిపోయి తింటే తప్పు లేదు. గుర్తుకు రాగానే ఆపాలె. తెలిసి తింటే, తాగితే రోజా పోతుంది. బీడీ తాగినా, తంబాకు నమిలినా అంతే.

సూది వేయించుకుంటే రోజా పోదని ఎక్కువ మంది మతపెద్దలు చెబుతారు. గ్లూకోజు సీసా సంగతి వేరు. దాని గురించి ఇమామ్ గారిని అడగాలె.

ముట్టు వచ్చినప్పుడు, కాన్పు తరువాత రక్తం పోయే రోజుల్లో ఆడవాళ్లు రోజా ఉండరాదు. ఆ రోజులు తరువాత తీర్చుకోవాలె. ఇది సిగ్గుపడే సంగతి కాదు. ఇంట్లో వాళ్లకు తెలుస్తుందని కడుపు మాడ్చుకోవద్దు.

రోగులకు, ప్రయాణంలో ఉన్నవారికి ఖురాన్ రెండో అధ్యాయంలోనే సడలింపు ఉంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా తమకో, బిడ్డకో హాని అవుతుందనుకుంటే రోజా మానవచ్చు. తరువాత తీర్చుకోవచ్చు. బాగా ముసలివాళ్లు, తగ్గని రోగం ఉన్నవాళ్లు రోజా ఉండలేకపోతే, రోజుకొక పేదవారికి అన్నం పెడితే చాలు.

షుగర్ రోగం ఉన్న అక్కలు రంజాన్ రాకముందే డాక్టరును కలవాలె. మందుల వేళలు మార్చాల్సి ఉంటుంది. చేతులు వణికినా, చెమటలు పట్టినా, కళ్లు తిరిగినా షుగర్ చూపించుకోవాలె. 70 కంటే తగ్గితే వెంటనే చక్కెర నీళ్లు తాగాలె. 300 దాటినా రోజా విడిచి డాక్టరు దగ్గరికి పోవాలె. ప్రాణం కాపాడుకోవడం పాపం కాదు.

మన దిక్కు బీడీలు చుట్టే అక్కలు చాలామంది. చాట ముందు కూర్చుంటే గంటల తరబడి లేవరు. మూత్రం ఆపుకోకండి. మూత్రం ముదురు పసుపుగా వస్తే ఒంట్లో నీళ్లు తగ్గినట్లు. రోజా విడిచిన దగ్గర నుంచి సహరీ దాకా కొంచెం కొంచెంగా నీళ్లు ఎక్కువ తాగండి.

చెప్పండి:
1. ఎవరెవరు రోజా మానవచ్చు?
2. షుగర్ తగ్గితే ఒంట్లో ఎట్లా ఉంటుంది?
3. మీ వాడలో గర్భిణి రోజా ఉంటే ఆమెకు ఏం చెబుతారు?