180 కిలోమీటర్ల మధ్యలో సైకిల్ ఆగిపోతే? ట్రయాథ్లాన్‌లో మొబైల్ మెకానిక్ చేసే పని ఇదీ

ఈత 3.8 కిలోమీటర్లు, సైకిల్ 180 కిలోమీటర్లు, పరుగు 42.2 కిలోమీటర్లు. మూడూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి. పూర్తి దూరం ట్రయాథ్లాన్ అంటే ఇదే. జనం నోట్లో మాత్రం 'ఐరన్‌మ్యాన్' అన్న పేరే నిలిచిపోయింది. 1978 ఫిబ్రవరి 18న హవాయి దీవుల్లోని ఓహూలో మొదటిసారి ఈ పోటీ పెట్టినప్పుడు 15 మంది బయలుదేరితే 12 మంది పూర్తి చేశారు. ఇప్పుడు పెద్ద పోటీల్లో వేల మంది దిగుతున్నారు. ఇందులో సగం దూరం పోటీ 2019లో గోవాకూ వచ్చింది. తెలుగు రాష్ట్రాల నుంచి కూడా చాలామంది వెళ్తున్నారు.

ఈతలో, పరుగులో మనిషి తన ఒంటిని నమ్ముకుంటే చాలు. సైకిల్ దగ్గర అలా కుదరదు. కాళ్లలో ఎంత సత్తువ ఉన్నా చైను తెగితే బండి కదలదు. నెలల తరబడి తెల్లవారుజామున లేచి చేసిన సాధన, కట్టిన ఫీజు, పెట్టిన సెలవులు అన్నీ రోడ్డు పక్కన ఆగిపోతాయి. అలాంటప్పుడు అక్కడికి చేరుకునేవాడే మొబైల్ మెకానిక్.

బయటివాళ్లు చెయ్యి వేయకూడదు

"ఫోన్ చేస్తే ఇంటివాళ్లు పంపు తెచ్చి ఇవ్వొచ్చు కదా" అనిపిస్తుంది. కానీ నిబంధనలు ఒప్పుకోవు. బయటివాళ్ల సాయం తీసుకుంటే పోటీ నుంచి తప్పించే అవకాశం ఉంది. నిర్వాహకులు పెట్టిన మెకానిక్, వైద్య సిబ్బంది, వాలంటీర్లు మాత్రమే సాయం చేయాలి.

తోటి పోటీదారుడు ట్యూబు, పంపు లాంటివి ఇవ్వొచ్చు. తన చక్రమో సైకిలో ఇచ్చేసి తాను ఆగిపోవడం మాత్రం కుదరదు. 2008లో హవాయి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో క్రిస్సీ వెల్లింగ్టన్ టైరు పంక్చరైంది. తన దగ్గరున్న గ్యాస్‌తో గాలి నింపుకోలేక రోడ్డు పక్కన నిమిషాల తరబడి నిలబడిపోయింది. అటుగా వెళ్తున్న ప్రత్యర్థి రెబెకా కీట్ తన గ్యాస్ బుడ్డి ఇచ్చింది. ఆ రోజు గెలిచింది వెల్లింగ్టనే.

టూర్ డి ఫ్రాన్స్ లాంటి సైకిల్ పోటీల్లో ప్రతి జట్టు వెనకా సొంత కారు, అందులో మెకానిక్ ఉంటారు. ట్రయాథ్లాన్‌లో అది లేదు. ముందున్న చాంపియన్‌కైనా, చివరన వస్తున్న సాధారణ ఉద్యోగికైనా ఉన్నది అందరికీ కలిపి తిరిగే ఆ కొద్ది బండ్లే.

పని ముందు రోజే మొదలవుతుంది

మెకానిక్ అసలు పని పోటీకి ముందు రోజు సైకిళ్లు అప్పగించే చోటే మొదలవుతుంది. విమానంలో పెట్టెలో వచ్చిన సైకిళ్లలో హ్యాండిల్ బోల్టులు సరిగ్గా బిగించి ఉండవు. వెనక గేరును పట్టి ఉంచే చిన్న ముక్క వంగి ఉంటుంది. ఎలక్ట్రానిక్ గేర్లకు చార్జింగ్ ఉండదు. ఇవన్నీ అక్కడే దొరికితే పది నిమిషాల పని. మర్నాడు రోడ్డు మీద దొరికితే పోటీయే పోవచ్చు.

టైరులో గాలి గట్టిగా నింపి సైకిల్‌ను ఎండలో వదిలేయడం ఇంకో పొరపాటు. వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే రాత్రికి కొంత గాలి తీసేసి పొద్దున్నే మళ్లీ కొట్టుకోమంటారు.

బండిలో ఏముంటుంది?

మోటార్ సైకిల్ అయితే ఇరుకు దారిలో త్వరగా చేరుతుంది, సామాను తక్కువ పడుతుంది. వ్యాన్ అయితే చక్రాలు, స్టాండు అన్నీ పడతాయి, కానీ చేరడం ఆలస్యం. రెండూ కలిపి వాడటం మంచి పద్ధతి. ట్యూబులు, టైర్లు, పెద్ద పంపు, అలెన్ కీలు, చైను కోసే పనిముట్టు, చైను లింకులు, కేబుళ్లు, ప్లాస్టిక్ టైలు, టేపు తప్పనిసరి.

చిక్కంతా చక్రాల దగ్గరే. ఒకరిది రిమ్ బ్రేకు, ఇంకొకరిది డిస్క్ బ్రేకు. ఒకరికి వెనక 11 పళ్ల చక్రాలు, ఇంకొకరికి 12. ఇరుసులూ వేరు. ఒకరి చక్రం ఇంకొకరికి పట్టకపోవచ్చు. అందుకే కబురు అందగానే మెకానిక్ అడిగేది రెండే మాటలు: "ఏ బ్రేకు? ఎన్ని గేర్లు?"

ఎందుకంత ఆలస్యం?

"ఫోన్ చేసి అరగంటయినా రాలేదు" అన్న ఫిర్యాదు మామూలే. ఒక చిన్న లెక్క చూద్దాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాళ్లు 180 కిలోమీటర్లు 6 గంటల్లో పూర్తి చేస్తారు. అప్పటికి 20 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాళ్లు 120 దగ్గరే ఉంటారు. అంటే పోటీ 60 కిలోమీటర్ల పొడవునా పరుచుకుని ఉంటుంది. ఒకే బండి సరిగ్గా మధ్యలో ఉన్నా, 40 వేగంతో ఒక చివరికి చేరడానికి 45 నిమిషాలు పడుతుంది. పైగా సైక్లిస్టులకు ఎదురు వెళ్లకూడదు. వాళ్ల ముందు నడిచి గాలికి అడ్డు పడకూడదు, అది ఒకరికి లాభం చేసినట్టే.

ఒకేసారి ఇద్దరి నుంచి కబురొస్తే బ్రేకు పోయిన మనిషి ముందు, పంక్చర్ తర్వాత. చివరి గడువుకు దగ్గర్లో ఉన్నవాళ్లనూ చూడాలి. పూర్తి దూరం పోటీకి సాధారణంగా 17 గంటల గడువు, అందులో సైకిల్‌కు విడిగా ఒక గడువు ఉంటాయి. అది దాటితే పరుగుకు పంపరు.

"ఇక చాలు" అనడం కూడా పనే

ఇక్కడ మెకానిక్ చేసేది పక్కా రిపేరు కాదు, గీత దాటించే రిపేరు. వెనక గేరు విరిగితే చైను కురచ చేసి ఒకే గేరు మీద పంపొచ్చు. స్పోకు తెగితే చక్రం వంకరను బ్రేకుకు తగలనంత వరకు సరిచేయొచ్చు. కానీ కార్బన్ ఫ్రేము, ముందు ఫోర్కు, హ్యాండిల్ పగిలితే చేయగలిగింది లేదు. అవతలి మనిషి ఎంత బతిమాలినా ఆపాల్సిందే. దిగుడులో ఫోర్కు విరిగితే పోయేది పతకం కాదు, ప్రాణం.

దిగేవాళ్లు చేసుకోవాల్సింది

మెకానిక్ వస్తాడని కాదు, రాడనుకునే బయలుదేరాలి. రెండు ట్యూబులు, టైరు లివర్లు, పంపు లేదా గ్యాస్, చిన్న పనిముట్ల సెట్, చైను లింకు దగ్గరుండాలి. రిమ్ము లోతుగా ఉంటే వాల్వు పొడవుగా ఉన్న ట్యూబే కొనాలి. విమానాల్లో గ్యాస్ బుడ్డీల మీద ఆంక్షలుంటాయి కాబట్టి వాటిని పోటీ జరిగే ఊళ్లోనే చూసుకోవడం మేలు.

వెనక చక్రం విప్పి ట్యూబు మార్చడం ఇంట్లోనే పదిసార్లు చేసి చూడాలి. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల వేలితో తడిమి ముల్లు తీసేయకపోతే అదీ పోతుంది. కార్బన్ డయాక్సైడ్ ట్యూబులోంచి త్వరగా దిగిపోతుంది, మర్నాడు మామూలు గాలి కొట్టుకోవాలి. సాయం కావాలంటే రోడ్డు దిగి పక్కకు నిలబడి, తన నంబరు, ఎన్నో కిలోమీటరు, ఏం పాడైందో దగ్గర్లోని వాలంటీరుకు చెప్పాలి.

మన గల్లీల్లో పంక్చర్ పని అంటే చులకనగా చూసేవాళ్లున్నారు. లక్షల రూపాయల సైకిల్ ఎక్కినవాళ్లు కూడా ఆ రోజు ఎదురుచూసేది ఆ పని వచ్చిన చేతుల కోసమే. చక్రం వంకర చెవితో విని పట్టే మెకానిక్‌కు కొత్తగా నేర్చుకోవాల్సింది నాలుగే: ఆయిల్ డిస్క్ బ్రేకులు, ఎలక్ట్రానిక్ గేర్లు, ట్యూబ్‌లెస్ టైర్లు, బోల్టును కొలిచి బిగించే పానా వాడటం. మిగతా సగం పని అతనికి ముందే వచ్చు.