ఛాయాచిత్ర రచనలో వస్తువు – అనవసరాంశాలు: ఔచిత్య దృష్టి

1. ఉపోద్ఘాతం:

జానపద, గిరిజన సాహిత్య పరిశోధనల్లో ఛాయాచిత్రం నేడు ఒక ప్రధాన ఆధారం. అయితే క్షేత్రపర్యటనలో తీసిన చిత్రాలను సిద్ధాంతవ్యాసంలో చేర్చే వేళ ‘ఇందులో చూడవలసినది ఏది?’ అన్న ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. చిత్రంలో ప్రధానంగా చూపదలచినది వస్తువు. దాని నుంచి చూపును మళ్లించేవి అనవసరాంశాలు. వాటిని తొలగించాలన్నది ఛాయాచిత్రకళలో తొలిపాఠం. ఏది అనవసరమో నిర్ణయించే ప్రమాణం ఏమిటన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

2. వస్తు నిర్ణయం:

చిత్రకారుడు ఖాళీ పటంపై ఒక్కొక్క అంశాన్నీ చేరుస్తాడు. ఛాయాచిత్రకారుని ఎదుట లోకం ముందే నిండుగా ఉంటుంది. కనుక అతని పని కూర్పు కన్నా ఏరివేతకే దగ్గర. మనిషి ఒక ముఖాన్ని చూస్తున్నప్పుడు వెనకనున్న కరెంటు స్తంభాన్ని మనసు పట్టించుకోదు. కెమెరాకు ఆ విచక్షణ లేదు. చిత్రంలో ఆ స్తంభం తలలోంచి మొలిచినట్లు కనిపిస్తుంది.

మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలోని భీముని పాదం జలపాతాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. జలధార వస్తువైతే, దాని కింద స్నానం చేసేవారు, రాళ్లపై ఆరవేసిన బట్టలు అనవసరాంశాలే. ఆ స్థలానికీ, దాని పేరులోని ఐతిహ్యానికీ జనంతో గల అనుబంధం వస్తువైతే, ఆ మనుషులు లేని చిత్రం అసంపూర్ణం. దృశ్యం ఒక్కటే, వస్తువు మారగానే అనవసరాంశాల జాబితా మారింది.

క్షేమేంద్రుడు 11వ శతాబ్దిలో ‘ఔచిత్యవిచారచర్చ’లో ప్రతిపాదించిన సూత్రం ఇక్కడ అన్వయిస్తుంది. ఆభరణం ఎంత విలువైనదైనా తగని చోట ధరిస్తే నవ్వులపాలు చేస్తుంది. చిత్రంలోని అంశానికి కూడా గుణదోషాలు దానికదిగా ఉండవు. వస్తువుతో దానికున్న సంబంధమే వాటిని నిర్ణయిస్తుంది.

3. తొలగింపు పద్ధతులు:

అన్నిటికన్నా సులభమైనది నిలుచున్న చోటు మార్చడం. రెండడుగులు పక్కకు జరిగితే స్తంభం ముఖం వెనక నుంచి తప్పుకుంటుంది. కింద కూర్చుని తీస్తే ఆకాశం, ఎత్తు నుంచి తీస్తే నేల నేపథ్యమవుతాయి. వస్తువుకు దగ్గరగా వెళ్లి, ఎపర్చరును పెద్దదిగా తెరిస్తే వెనకనున్నవి మసకబారుతాయి. చూపు సహజంగా వెలుతురు మచ్చల వైపు, గాఢమైన రంగుల వైపు, అక్షరాల వైపు పోతుంది కనుక, మీట నొక్కే ముందు చిత్రం నాలుగంచులనూ ఒకసారి పరిశీలించడం అవసరం.

4. తొలగింపు హద్దులు:

వలస పాలనలో 1868–1875 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’లో పలువురు వ్యక్తులను సాదా నేపథ్యం ముందు నిలిపి తీశారు. అక్కడ చూపును మళ్లించేది ఏదీ లేదు. కాని ఇల్లు, పని, పరిసరాలు తొలగిపోవడంతో వ్యక్తి ఒక జాతికి నమూనాగా మిగిలాడు. శూన్య నేపథ్యం కూడా ఒక వ్యాఖ్యానమే. ఇందుకు భిన్నంగా, వరంగల్‌కు చెందిన ఛాయాచిత్రకారుడు గుడిమల్ల భరత్ భూషణ్ (మరణం 2022) తెలంగాణ పల్లె ఇళ్లను చిత్రించినప్పుడు తలుపులు, గోడలే వస్తువులయ్యాయి.

మేడారం జాతర ఈ సమస్యను మరింత స్పష్టం చేస్తుంది. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలుకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరుకుంటారు. అక్కడ విడిగా చూపడానికి విగ్రహం లేదు. బెల్లం మోసుకొచ్చే చేతులు, ఎగసే దుమ్ము, కిక్కిరిసిన జనం కలిసే జాతర. ఆ జనసమ్మర్దాన్ని తొలగిస్తే వస్తువే పోతుంది. ఇక ఫ్లెక్సీలు, సెల్‌ఫోన్లు? ‘ప్రాచీనమైన’ జాతరను చూపగోరే వారికి అవి అడ్డు. జాతరలో వచ్చిన మార్పును పరిశీలించేవారికి అవే ఆధారాలు. చోటు మారి ఫ్లెక్సీని తప్పించడం ఎంపిక. తీసిన చిత్రంలోంచి దానిని కంప్యూటర్‌లో చెరిపివేయడం ఆధారాన్ని మార్చడం. పరిశోధకుడు ఈ రెండింటి మధ్య గీతను దాటరాదు.

5. ముగింపు:

చిత్రంలో వస్తువులు ఎక్కువ కావడం దోషం కాదు; వాటికి పరస్పర సంబంధం లేకపోవడం దోషం. కనుక తొలగింపు కన్నా ముందు వస్తు నిర్ణయం జరగాలి. వస్తువును స్పష్టంగా చూపే దగ్గరి చిత్రంతో పాటు, పరిసరాలన్నీ కనిపించే దూరపు చిత్రాన్ని కూడా తీసి భద్రపరచడం పరిశోధకునికి శ్రేయస్కరం. నేడు అనవసరమనిపించినదే రేపటి పరిశోధకుడికి వస్తువు కావచ్చు.