తోలు మన ఊరిది... సీటు ఎవరిది?

* వందేళ్లలో ఎన్నో చేతులు మారిన జాగ్వార్‌, ల్యాండ్‌రోవర్‌
* రాణిపేట జిల్లా పనపాక్కంలో కొత్త మజిలీ
* పేర్ణాంబట్టు టానరీలకు ఆ కథలో పాఠాలెన్నో

పేర్ణాంబట్టు: ఈ ఊరికి బోర్డు అక్కర్లేదు. గుడియాత్తం మీదుగా వచ్చినా, వి.కోట వైపు నుంచి ఘాట్‌ దిగి వచ్చినా ముందు ముక్కే చెప్పేస్తుంది... పేర్ణాంబట్టు వచ్చేసిందని. ఉప్పు పట్టించిన పచ్చితోళ్లు, సున్నం తొట్లు, గిరగిరా తిరిగే పెద్ద పెద్ద డ్రమ్ములు... తరాలుగా ఇదే బతుకుతెరువు. తెలుగు, తమిళం, ఉర్దూ మూడూ కలగలిసి వినిపించే ఈ సరిహద్దు పట్టణంలో తోలు సంగతి తెలియని ఇల్లు తక్కువే.

అలాంటి ఊరికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోకి ఖరీదైన కార్ల కంపెనీ వచ్చింది. రాణిపేట జిల్లా పనపాక్కంలో టాటా మోటార్స్‌ కర్మాగారానికి 2024 సెప్టెంబరు 28న శంకుస్థాపన జరిగింది. 2019లో జిల్లాల విభజన జరిగేదాకా ఆ ప్రాంతమూ వేలూరు జిల్లాలోదే. రూ.9 వేల కోట్ల పెట్టుబడి, 470 ఎకరాలు, ప్రత్యక్షంగా పరోక్షంగా 5 వేల కొలువులు, దశలవారీగా ఏటా రెండున్నర లక్షల బళ్లు... ఇదీ ఆనాడు ప్రకటించిన లెక్క. అక్కడ జాగ్వార్‌ ల్యాండ్‌రోవర్‌ కార్లూ తయారవుతాయన్న మాటే జనం నోళ్లలో ఎక్కువగా నానింది.

లగ్జరీ కారు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది మెత్తటి తోలు సీటు. మరి ఆ తోలు మన పేర్ణాంబట్టు నుంచి వెళ్తుందా? తోళ్ల పని చేసే ఊరికి రావలసిన సందేహమే ఇది. జవాబు అంత సులువు కాదు. అది తెలియాలంటే ఆ కార్ల కథ మొదట్నుంచీ వినాలి.

తొట్టెతో మొదలు

అది 1922 సెప్టెంబరు. ఇంగ్లాండులోని సముద్రతీర పట్టణం బ్లాక్‌పూల్‌. విలియం లయన్స్‌, విలియం వామ్స్‌లీ అనే ఇద్దరు కలిసి ఓ చిన్న కంపెనీ పెట్టారు. పేరు స్వాలో సైడ్‌కార్‌. లయన్స్‌కు అప్పుడు 21 ఏళ్లు. వారు చేసింది కారు కాదు. మోటారు సైకిల్‌ పక్కన మరో మనిషి కూర్చునేందుకు తగిలించే తొట్టె!

1927లో ఆస్టిన్‌ సెవెన్‌ అనే చిన్న కారు తీసుకుని, దానిపై సొంతంగా అందమైన బాడీ కట్టి అమ్మారు. ఇంజిను ఒకరిది, సోకు వీరిది. గిరాకీ పెరిగింది. 1928లో మకాం కార్ల పట్టణం కోవెంట్రీకి మార్చారు. 1935లో 'ఎస్‌ఎస్‌ జాగ్వార్‌' పేరుతో కారు వచ్చింది. జాగ్వార్‌ అంటే అమెరికా ఖండపు అడవుల్లో తిరిగే, చిరుతను పోలిన పెద్ద మృగం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి 'ఎస్‌ఎస్‌' అంటే జనానికి హిట్లర్‌ దళమే గుర్తుకొచ్చేది. దాంతో 1945లో ఆ రెండక్షరాలూ తీసేసి 'జాగ్వార్‌ కార్స్‌' అని పెట్టుకున్నారు.

1948లో వచ్చిన 'ఎక్స్‌కే 120' గంటకు 120 మైళ్లు, అంటే 190 కిలోమీటర్లకు పైగా దూసుకెళ్లి సంచలనం రేపింది. ఫ్రాన్స్‌లో రాత్రింబవళ్లు 24 గంటలు సాగే లె మాన్స్‌ పందెంలో 1951, 53, 55, 56, 57ల్లో అయిదుసార్లు జాగ్వార్‌దే గెలుపు. 1957 ఫిబ్రవరిలో కర్మాగారం అగ్నిప్రమాదానికి గురైంది. అయినా ఆ ఏడాదే మళ్లీ పందెం కొట్టింది. 1961లో జెనీవాలో చూపిన 'ఇ టైప్‌' అందానికి ఈనాటికీ అభిమానులున్నారు.

పొలంలో పుట్టిన బండి

ల్యాండ్‌రోవర్‌ది వేరే దారి. యుద్ధం తర్వాత ఇంగ్లాండులో ఉక్కుకు కటకట. రోవర్‌ కంపెనీ ఇంజినీరు మారిస్‌ విల్క్స్‌ రైతుల కోసం ఓ మొండి బండి తయారు చేయించారు. ఉక్కు దొరక్క బాడీకి అల్యూమినియం వాడారు. 1948 ఏప్రిల్‌ 30న ఆమ్‌స్టర్‌డామ్‌ ప్రదర్శనలో దాన్ని జనం ముందుకు తెచ్చారు.

1970లో రేంజ్‌రోవర్‌ వచ్చింది. ఇప్పుడు కోట్లు పలికే ఈ కారులో తొలినాళ్లలో తోలు సీట్లే లేవు. ప్లాస్టిక్‌ లాంటి వినైల్‌ సీట్లు! బురదకాళ్లతో ఎక్కినా పైపుతో నీళ్లు కొట్టి లోపలంతా కడిగేసుకోవచ్చు. కొనేవాళ్లు సంపన్నులయ్యాక తోలు, చెక్క సొగసులు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. కారులో తోలు మొదట్నుంచీ ఉన్నది కాదన్నమాట. కొనేవారి సరదాను బట్టి వచ్చింది. ఈ సంగతి పేర్ణాంబట్టు గుర్తుంచుకోవాలి.

చిన్నచూపు చూసిన చోటే...

పేరున్నంత మాత్రాన కంపెనీ నిలవదని జాగ్వార్‌ కథ చెబుతుంది. పెద్ద గ్రూపుల్లో కలిసిపోవడం, సమ్మెలు, నాణ్యతపై ఫిర్యాదులు, ప్రభుత్వపరం కావడం... అన్నీ చూసింది. చివరకు రెండు బ్రాండ్లూ అమెరికాకు చెందిన ఫోర్డు చేతికి చిక్కాయి.

ఇక్కడే మనవాళ్ల ప్రవేశం. 1998లో ఇండికా కారుతో టాటాలు సొంత కార్ల వ్యాపారంలోకి దిగారు. ఆరంభంలో అమ్మకాలు ఆశించినట్లు లేవు. ఆ వ్యాపారాన్ని అమ్మేద్దామని 1999లో రతన్‌ టాటా బృందం ఫోర్డు వద్దకు డెట్రాయిట్‌ వెళ్లింది. అక్కడ చిన్నచూపు ఎదురైందని ఆ బృందంలోని టాటా గ్రూపు అధికారి ఒకరు 2015లో గుర్తుచేసుకున్నారు. బేరం కుదరలేదు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. 2008లో అదే ఫోర్డు నుంచి జాగ్వార్‌ను, ల్యాండ్‌రోవర్‌ను టాటాలు 230 కోట్ల డాలర్లకు కొన్నారు.

కొన్న వేళ మాత్రం బాగాలేదు. కొన్ని నెలలకే ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం ముంచుకొచ్చింది. 2008-09లో టాటా మోటార్స్‌ ఏకీకృత ఖాతాలో రూ.2,505 కోట్ల నష్టం తేలింది. తెల్ల ఏనుగును కొన్నారంటూ విమర్శలు వచ్చాయి. టాటాలు డిజైను, ఇంజినీరింగ్‌ను ఇంగ్లాండులోనే ఉంచి, కొత్త మోడళ్లపై డబ్బు పెట్టారు. 2011లో పుణెలో ల్యాండ్‌రోవర్‌ బిగింపు మొదలైంది. 2017లో ప్రపంచవ్యాప్తంగా 6.21 లక్షల బళ్లు అమ్ముడుపోయాయి. రతన్‌ టాటా 2024 అక్టోబరు 9న కన్నుమూశారు. పనపాక్కం శంకుస్థాపన జరిగి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు.

ఎవరెవరి చేతుల్లోకి...

1966: జాగ్వార్‌ బ్రిటిష్‌ మోటార్‌ కార్పొరేషన్‌లో కలిసింది
1968: జాగ్వార్‌, రోవర్‌ రెండూ బ్రిటిష్‌ లేలాండ్‌ గొడుగు కిందకు
1975: బ్రిటిష్‌ లేలాండ్‌ ప్రభుత్వపరం
1984: జాగ్వార్‌ మళ్లీ ప్రైవేటు
1989: జాగ్వార్‌ను 250 కోట్ల డాలర్లకు కొన్న ఫోర్డు
1994: రోవర్‌ గ్రూపు జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ చేతికి
2000: ల్యాండ్‌రోవర్‌ను సుమారు 270 కోట్ల డాలర్లకు కొన్న ఫోర్డు
2008: రెండూ టాటాల పరం

తంగేడు చెక్క నుంచి క్రోమ్‌ దాకా

బ్లాక్‌పూల్‌లో సైడ్‌కార్‌ కంపెనీ పెట్టిన ఆ 1922 సెప్టెంబరులోనే గుంటూరు జిల్లా యలవర్రులో ఓ బిడ్డ పుట్టాడు. ఆయనే తర్వాత తోళ్ల శాస్త్రవేత్తగా ప్రపంచమెరిగిన యలవర్తి నాయుడమ్మ. మద్రాసులోని కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు డైరెక్టరుగా ఉన్నారు. ప్రయోగశాలలో కనిపెట్టింది టానరీలో పనికి రావాలన్నది ఆయన పట్టు. 1985 జూన్‌లో కనిష్క విమాన దుర్ఘటనలో ప్రాణాలు కోల్పోయారు.

పూర్వం ఈ ప్రాంతంలో తంగేడు చెక్కతోనే తోలు ఊనేవారు. సగం తయారైన ఆ తోలు ఓడలెక్కి విదేశాలకు వెళ్లేది. అక్కడ మెరుగులు దిద్దుకుని, బూట్లయి, పది రెట్ల ధర పలికేది. ఎక్కువ లాభం చివరి పనిలోనే ఉందని గుర్తించి 1972లో సీతారామయ్య కమిటీ సిఫారసు చేయగా, ఆ మరుసటి ఏడాది నుంచి సగం ఊనిన తోళ్ల ఎగుమతికి కేంద్రం కళ్లెం వేసింది. ఇక్కడే పూర్తిగా తయారు చేయక తప్పలేదు. క్రోమ్‌ పద్ధతి, కొత్త యంత్రాలు వచ్చాయి. ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టు, రాణిపేట ఓ గొలుసుగా ఎదిగాయి.

దానికి చెల్లించిన మూల్యమూ తక్కువ కాదు. పాలారు పాడైంది. బావుల్లో నీళ్లు ఉప్పు తేలాయి. వేలూరు పౌరుల సంఘం వేసిన వ్యాజ్యంలో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు చెప్పింది. కాలుష్యం చేసినవారే మూల్యం కట్టాలని తేల్చి, ఒక్కో టానరీకి రూ.10 వేల జరిమానా వేసింది. పేర్ణాంబట్టుతో సహా పలుచోట్ల టానరీలు ఉమ్మడి శుద్ధి ప్లాంట్లలో చేరాల్సి వచ్చింది. గోడు అంతటితో తీరలేదు. నష్టపోయినవారికి పరిహారం, పాలారు పునరుద్ధరణపై 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది.

సీటు తోలు వేరు

అసలు ప్రశ్నకు వద్దాం. బూటు తోలు చేసేవారు సీటు తోలు చేయలేరా? పని రాక కాదు... సరుకే వేరు.

మేకతోలు విప్పితే నాలుగైదు చదరపు అడుగులు. కారు సీటుకు పెద్ద పెద్ద ముక్కలు కావాలి. యూరప్‌లో పెంచే ఎద్దు తోలు ఒక్కటే 50 చదరపు అడుగుల దాకా వస్తుంది. మన పశువుల తోళ్లపై ముళ్లగీతలు, పిడుదు కాట్లు, వాతల మచ్చలు ఎక్కువ. బూటు ముక్కలు కోసేటప్పుడు మచ్చను తప్పించి కోసుకోవచ్చు. సీటుకు ఆ వీలుండదు.

పరీక్షలూ ఎక్కువే. అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారు లోపల సెగ ఎలా ఉంటుందో వేలూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ వేడికి తోలు కుంచించుకుపోకూడదు. రంగు వెలవకూడదు. తోలుకు పట్టించిన నూనెలు ఆవిరై ముందు అద్దంపై మసకగా పేరుకోకూడదు. వేలసార్లు రుద్దినా పైపూత లేవకూడదు. నిప్పు త్వరగా అంటుకోకూడదు. అందుకే చాలా కార్ల కంపెనీలు క్రోమ్‌ లేకుండా ఊనిన తోలే అడుగుతున్నాయి. ప్రతి తోలూ ఎక్కడిదో, ఏ నీటితో ఏ రసాయనంతో తయారైందో కాగితం చూపాలి. అంటే శుద్ధి ప్లాంటు లెక్కలు సరిగా లేని టానరీకి అసలు గుమ్మమే తెరుచుకోదు.

తోలే వద్దంటే..?

ఇంకో చిక్కుంది. 2017లో వచ్చిన రేంజ్‌రోవర్‌ వెలార్‌లో తోలుకు బదులు ఉన్ని కలిపిన గుడ్డ సీట్లు కూడా కోరుకోవచ్చన్నారు. అదీ చవకరకంగా కాదు, గొప్పగానే! జాగ్వార్‌ అయితే పూర్తిగా విద్యుత్‌ కార్ల కంపెనీగా మారతామని 2021లో ప్రకటించింది. పైపుతో కడిగే వినైల్‌ నుంచి తోలుకు, తోలు నుంచి గుడ్డకు... సీటు తిరిగి దారి మార్చుకుంటోంది.

పెద్ద కంపెనీని మాత్రమే నమ్ముకుంటే వచ్చే కష్టాలూ కళ్లముందున్నాయి. చెన్నై దగ్గరి మరైమలైనగర్‌లో ఫోర్డు కార్ల ఉత్పత్తి 2022లో ఆగిపోయింది. 2025 సెప్టెంబరులో సైబర్‌ దాడి జరిగి ఇంగ్లాండులోని జాగ్వార్‌ ల్యాండ్‌రోవర్‌ ప్లాంట్లు అయిదు వారాల పాటు మూతపడ్డాయి. వాటికి విడిభాగాలిచ్చే చిన్న యూనిట్లు జీతాలివ్వలేక అల్లాడాయి. ఆ కంపెనీకి 150 కోట్ల పౌండ్ల రుణానికి అక్కడి ప్రభుత్వం హామీ ఇవ్వాల్సి వచ్చింది.

కుట్టే చేతులున్నాయి

అలాగని తలుపులన్నీ మూసుకున్నట్లు కాదు. సీటంటే తోలొక్కటే కాదు. కొలత ప్రకారం కోయాలి, అంచులు పలచన చేయాలి, రెండు వరసలు వంకర పోకుండా కుట్టాలి. తోలైనా గుడ్డైనా ఈ పని తప్పదు. బూటు పైభాగాలు కుట్టడంలో ఆరితేరిన చేతులు పేర్ణాంబట్టు, ఆంబూరు చుట్టుపక్కల ఉన్నాయి. వారిలో ఆడవాళ్లే ఎక్కువ. బూటు వంపు కుట్టే చేతికి సీటు వంపు నేర్పడం కష్టం కాదు. నేర్పేవారు కావాలి, యంత్రాలు కావాలి, ఐటీఐల్లో ఆ పాఠం చేరాలి.

సైడ్‌కార్‌ తొట్టెలు చేసినవారు కార్ల బాడీలకు మారారు. పొలం బండి చేసినవారు సంపన్నుల కారుకు మారారు. ఈ ఊరూ తంగేడు చెక్క నుంచి క్రోమ్‌కు మారిందే. మారలేదని ఎవరూ అనలేరు. కాకపోతే అప్పట్లో మారేందుకు ఎగుమతి నిబంధన, తర్వాత కోర్టు తీర్పు మెడమీద కూర్చోవాల్సి వచ్చింది. ఈసారి ఎవరూ తరమకముందే కదిలితే, పనపాక్కం నుంచి బయల్దేరే కారులో తోలు ఏ దేశానిదైనా కుట్టు మాత్రం పేర్ణాంబట్టుది అయ్యే వీలుంది.