మీకు తెలుసా? కొన్నా మీది కాదు, అడిగితే మీదవుతుంది!

మీరు డబ్బులిచ్చి కొన్న పుస్తకం రాత్రికి రాత్రే మీ ఇంట్లోంచి మాయమైపోతే? 2009 జులైలో సరిగ్గా అదే జరిగింది! పాఠకులు కొనుక్కున్న పుస్తకాలను వాళ్ల కిండిల్ పరికరాల్లోంచి అమెజాన్ దూరం నుంచే చెరిపేసింది. వాటిలో ఒకటి ఏదో తెలుసా? జార్జ్ ఆర్వెల్ ‘1984’! పాత రాతల్ని చెరిపేసి చరిత్ర మార్చే ప్రభుత్వం కథ! ఆ పుస్తకాన్ని అక్కడ పెట్టినవాళ్లకు అమ్మే హక్కే లేదని కంపెనీ చెప్పింది. డబ్బు వెనక్కి ఇచ్చింది. మరి చదువుతూ ఓ హైస్కూలు కుర్రాడు రాసుకున్న నోట్సు? దేని గురించి రాశాడో ఆ పుస్తకమే లేదు! అతను కోర్టుకెళ్లాడు. చివరికి 1,50,000 డాలర్లకు రాజీ కుదిరింది!

ఒక్క పుస్తకం కాదు, కొట్టుకు కొట్టే మాయమైన సంగతి తెలుసా? 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసింది. దాంతో కొన్నవాళ్లందరి దగ్గరా అన్ని పుస్తకాలూ పోయాయి! డబ్బు తిరిగొచ్చింది. పేజీల పక్కన సొంత మాటలు రాసుకున్నవాళ్లకు మాత్రం అదనంగా 25 డాలర్లు. మన ఆలోచనలకు వాళ్లు కట్టిన ధర అది!

అందుకే కాలిఫోర్నియా ఏం చేసిందో చూడండి. 2025 జనవరి 1 నుంచి అక్కడ ఆన్‌లైన్‌లో సినిమానో, ఆటనో, పుస్తకాన్నో ‘కొనండి’ అంటూ అమ్మాలంటే ముందు నిజం చెప్పాలి. మీకు దక్కేది సొంత వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే అని! చిన్న వాక్యమే. కానీ ఎంత నిజాయితీ ఉంది అందులో! మన దేశంలోనూ ఈ నియమం రావాలి. రేపే రావాలి.

పాటల సీడీ పెడితే కంప్యూటర్‌లోకి దొంగ దూరడం విన్నారా? 2005లో సోనీ బీఎంజీ సీడీలు చేసిన పని అదే! పాట వినండని సీడీ ఇచ్చారు. అది కంప్యూటర్‌లో కనబడకుండా దాక్కునే సాఫ్ట్‌వేర్‌ను దింపేసింది. కాపీలు కొట్టకుండా ఆపడానికట! ఆ దాక్కునే చోటునే తర్వాత వైరస్‌లు కూడా వాడుకున్నాయి. అలాంటి సీడీలు ఎన్నో తెలుసా? దాదాపు 2 కోట్ల 20 లక్షలు!

కారు మీదే. సీటు మీదే. సీటు లోపల వేడినిచ్చే తీగ కూడా బిగించే ఉంది. అయినా అది పనిచేయాలంటే నెలనెలా అద్దె కట్టాలి! 2022లో బ్రిటన్‌లో బీఎండబ్ల్యూ అడిగింది నెలకు 15 పౌండ్లు. జనం మండిపడ్డారు. మరుసటి ఏడాదే కంపెనీ ఆ పద్ధతి మానుకుంది! చూశారా? అరిస్తే పనవుతుంది!

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట. కాస్త దగ్గరికి జరగండి! పోలండ్‌లో కొన్ని రైళ్లు మరమ్మతుకు వెళ్లాయి. తయారుచేసిన నెవాగ్ కంపెనీ దగ్గరికి కాదు, వేరే వర్క్‌షాపుకి. అంతా విప్పారు. శుభ్రం చేశారు. మళ్లీ బిగించారు. రైలు కదల్లేదు! ఎక్కడా లోపం లేదు. తెరమీద అన్నీ బాగున్నాయనే వస్తోంది. అయినా చక్రం తిరగదు! వర్క్‌షాపు వాళ్లకు దిక్కు తోచక హ్యాకర్లను పిలిచారు. డ్రాగన్ సెక్టర్ అనే బృందం నుంచి ముగ్గురు వచ్చారు. రైలు కంప్యూటర్ లోపలికి తొంగి చూశారు. ఏం దొరికిందో ఊహించండి! పోటీ వర్క్‌షాపులు ఎక్కడున్నాయో ఆ అక్షాంశాలు, రేఖాంశాలు! రైలు అలాంటి చోట 10 రోజులు నిలబడితే ఇక కదలొద్దని రాసి ఉందని వాళ్లు బయటపెట్టారు! రైలుకి కూడా తాను ఎవరి గుమ్మం ముందుందో తెలుసన్నమాట! ఆ పని తనది కాదని నెవాగ్ అంది. తిరిగి హ్యాకర్ల మీదే కేసు వేసింది. నా మాట సూటిగా చెబుతాను. జనం డబ్బుతో కొన్న రైలును ఎవరి దగ్గర బాగుచేయించాలో జనమే తేల్చుకోవాలి. మన ట్రాక్టరుకీ అదే మాట, మన సెల్‌ఫోనుకీ అదే మాట!

మీ పాత ఐఫోన్ ఒక్కసారిగా నెమ్మదించిందా? మీ భ్రమ కాదు! బ్యాటరీ పాతబడిన ఫోన్ల వేగాన్ని తామే తగ్గించామని 2017లో యాపిల్ ఒప్పుకుంది. ఫోను ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండటానికేనట. మరి ముందే ఎందుకు చెప్పలేదు? కొత్త బ్యాటరీతో పోయేదానికి ఎంతమంది కొత్త ఫోనే కొనుక్కున్నారో! అమెరికాలో కేసులు పడ్డాయి. 50 కోట్ల డాలర్ల దాకా కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది!

సరే, మీరు ‘అంగీకరిస్తున్నాను’ అని ఎన్నిసార్లు నొక్కి ఉంటారు? 2010 ఏప్రిల్ 1న గేమ్‌స్టేషన్ అనే బ్రిటిష్ వీడియో గేమ్‌ల దుకాణం తన షరతుల్లో ఒక కొత్త వాక్యం కలిపింది. కొనేవారి ఆత్మ ఇక మాదే అని! ఏప్రిల్ ఫూల్ సరదానే. కానీ ఆ రోజు 7,500 మంది కళ్లు మూసుకుని ఆత్మ రాసిచ్చేశారు! ఆ వాక్యం చదివి ‘ఒప్పుకోను’ అన్నవాళ్లకు 5 పౌండ్ల కూపన్ దొరికింది!

వాళ్లను తప్పు పట్టకండి! ఎదురయ్యే ప్రైవసీ షరతులన్నీ నిజంగా చదవాలంటే ఎంత సమయం పడుతుందో 2008లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు లెక్కగట్టారు. ఏడాదికి 200 గంటలకు పైగా! నెలకు పైగా ఉద్యోగం మానేసి షరతులు చదువుతూ కూర్చోవాలి! చదవలేనంత రాసి సంతకం పెట్టించుకుంటే దాన్ని ఒప్పందం అనడానికి నా మనసొప్పదు.

ఇది వింటే అదిరిపోతారు! కేంబ్రిడ్జ్ అనలిటికా గుర్తుందా? ఫేస్‌బుక్‌లో ఒక యాప్ ద్వారా జనం వివరాలు లాగేసిన వ్యవహారం. భారతదేశంలో ఆ యాప్ పెట్టుకున్నది 335 మందే! మరి వివరాలు పోయే ప్రమాదంలో పడింది ఎంతమంది? 5,62,455 మంది! ఫేస్‌బుక్ తానే చెప్పిన లెక్క! మిగతావాళ్లు చేసిన తప్పేంటి? ఆ యాప్ పెట్టుకున్నవాళ్లకు స్నేహితులు కావడం! అంతే!

మీ ఫోన్‌లో వెతుకులాటకు గూగులే ఎందుకు వస్తుంది? మీరు ఎంచుకున్నారా? లేదు! డబ్బిచ్చి అక్కడ కూర్చుంది! యాపిల్ ఫోన్లలో ఆ కుర్చీ కోసం 2022లో ఒక్క ఏడాదే గూగుల్ కట్టింది 2,000 కోట్ల డాలర్లు! ఇది కోర్టు కాగితాల్లో బయటపడ్డ లెక్క. 2024 ఆగస్టులో అమెరికా జడ్జి అమిత్ మెహతా తేల్చిచెప్పారు, గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని!

బ్రౌజర్ ‘ఇన్‌కాగ్నిటో’ కిటికీలో వెతికితే ఎవరికీ తెలియదనుకున్నారా? అయ్యో! అక్కడా గూగుల్ వివరాలు సేకరిస్తూనే ఉందని 2020లో కేసు పడింది. 2024 రాజీలో గూగుల్ ఏం ఒప్పుకుందో తెలుసా? వందల కోట్ల రికార్డుల్ని చెరిపేస్తామని! లేనివాటిని చెరపరు కదా!

ఇక మన ఊళ్లోకి వద్దాం. 2020లో ప్రపంచ నగరాల్లో సీసీ కెమెరాలు ఎన్నున్నాయో కంపారిటెక్ సంస్థ లెక్కవేసింది. హైదరాబాద్‌లో ప్రతి వెయ్యి మందికి దాదాపు 30! ప్రపంచంలో 16వ స్థానం! 2021లో ఇదే నగరంలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు రోడ్డు మీద ఆపారు. మాస్కు తీయమన్నారు. ఆయన తీయనన్నారు. అయినా ఫొటో తీశారట! ఆయన ఊరుకోలేదు. ముఖాలు గుర్తుపట్టే పోలీసుల కంప్యూటర్ల మీద తెలంగాణ హైకోర్టుకే వెళ్లారు!

ఈ సంగతి చెబుతుంటే మాత్రం నాకు కోపం ఆగదు. రిక్షా తొక్కే మనిషికి కారుందని కంప్యూటర్ చెబితే? మన హైదరాబాద్‌లో చెప్పింది! తెలంగాణ ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ ‘సమగ్ర వేదిక’ ఒక పేద కుటుంబాన్ని కారున్నవాళ్ల జాబితాలో వేసేసింది. ఎందుకో తెలుసా? ఇంకెవరిదో పేరు ఆయన పేరుకు దగ్గరగా ఉంది! రేషన్ కార్డు రాలేదు. బియ్యం రాలేదు. కారు ఎవరిదో! పస్తులు ఎవరివో! ఆ ఇంటికి వెళ్లి ఒక్కసారి చూస్తే చాలు కదా!

2014 నుంచి 2019 దాకా తెలంగాణలో రద్దయిన రేషన్ కార్డులు ఎన్నో ఊహించండి. సుమారు 19 లక్షలు! గుమ్మం దాకా వచ్చి చూడకుండానే కొట్టేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మనుషుల్ని పంపి మళ్లీ చూడండని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది!

చూస్తే ఏమైంది? కొన్ని నెలల్లోనే 15,471 దరఖాస్తులు అర్హమైనవని తేలింది! అది కూడా అప్పటికి తిరగేసిన కాగితాల్లోనే! ఇవి అంకెలు కావండీ. ఇన్ని పొయ్యిలు! యంత్రం ‘కాదు’ అంటే ‘ఎందుకు కాదు’ అని చెప్పే మనిషి ఒకరు కౌంటర్‌లో ఉండి తీరాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

ఇంటర్నెట్‌కు కూడా కర్ఫ్యూ పెడతారు, తెలుసా? 2024లో మన దేశంలో 84 సార్లు పెట్టారని యాక్సెస్ నౌ సంస్థ లెక్క! ప్రజాస్వామ్య దేశాల్లో మనదే మొదటి స్థానం! 2022 మేలో జిల్లా పేరు గొడవప్పుడు కోనసీమలోనూ నెట్ ఆపేశారు. ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకునేవాళ్లు ఏమైపోవాలి? ఫోన్ పే మీద బతికే చిన్న కొట్టువాళ్లు ఏమైపోవాలి?

అదే కశ్మీర్‌లో అయితే? 4జీ ఆగిపోయి మళ్లీ వచ్చేసరికి 550 రోజులు! పిల్లల ఆన్‌లైన్ పాఠాలు, డాక్టర్ల వీడియో సలహాలు, అన్నీ 2జీ మీద పాకాయి. అదీ కరోనా కాలంలో!

ఇప్పుడు గెలిచినవాళ్ల కథలు చెబుతాను! కేరళలో ఒక కాలేజీ హాస్టల్లో అమ్మాయిలు సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్లు అప్పగించాలన్నారు. ఒక్కమ్మాయి ఇవ్వనంది. హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు! ఆమె హైకోర్టుకెళ్లింది. 2019లో తీర్పొచ్చింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమే! ఆ అమ్మాయిని మళ్లీ చేర్చుకోండి! భలే కదా!

ఫేస్‌బుక్‌లో లైక్ కొడితే జైలా? 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఇద్దరమ్మాయిలను అరెస్టు చేశారు. ఒకామె ముంబయి బంద్ గురించి పోస్టు పెట్టింది. రెండో ఆమె లైక్ కొట్టింది. అంతే! 2013లో చీరాల పోలీసులు కూడా ఒక పౌరహక్కుల న్యాయవాదిని అరెస్టు చేశారు. అన్నిటికీ ఒకటే ఆయుధం, ఐటీ చట్టం 66ఏ సెక్షన్. 3 ఏళ్ల దాకా జైలు! దాని మీద సుప్రీంకోర్టుకెళ్లింది ఎవరు? శ్రేయా సింఘాల్ అనే లా విద్యార్థిని! 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కోర్టు కొట్టేసింది!

అయిపోయిందనుకున్నారా? అసలు వింత ఇక్కడుంది! చచ్చిపోయిన ఆ సెక్షన్ కింద 2021 నాటికి ఇంకా 745 కేసులు 11 రాష్ట్రాల కోర్టుల్లో నడుస్తున్నాయి! ఆరేళ్ల తర్వాత! సుప్రీంకోర్టే విని ఆశ్చర్యపోయింది!

ఉచిత ఇంటర్నెట్ అంటూ ఫేస్‌బుక్ మన దేశంలో ముందు అడుగుపెట్టిన చోట్లలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి, తెలుసా? 2015 ఫిబ్రవరిలో! అన్ని సైట్లూ కాదు, ఎంచిన కొన్ని మాత్రమే ఉచితం. ఏది చూడాలో వాళ్లే ఎంచుతారా అని కుర్రకారు కదిలింది. ఆ ఏడాదే నెట్ అందరికీ సమానంగా ఉండాలంటూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి వెళ్లిన ఈమెయిళ్లు 10 లక్షలు దాటాయి! 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి పథకాలను నిషేధించింది. ప్రపంచంలోనే పెద్ద కంపెనీ ఒకటి ఆ పథకాన్ని సర్దుకుని వెళ్లింది!

గోప్యత ప్రాథమిక హక్కన్న తీర్పు మనకు తెచ్చిపెట్టింది ఏ కుర్ర హ్యాకరో కాదు! 86 ఏళ్ల పెద్దాయన! రిటైరైన న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌ను నడిపిన ఆయనే! ఆధార్ మీద 2012లో కేసు వేశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క గొంతుతో ‘అవును, హక్కే’ అన్నారు!

ఇప్పుడు కొత్త చట్టం వచ్చింది, 2023 నాటి డేటా రక్షణ చట్టం. మన వివరాలను కాపాడని కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా! బాగుంది. కానీ అదే చట్టం సమాచార హక్కు చట్టాన్ని కూడా కత్తిరించింది! ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క మాటతో అధికారులు ఇప్పుడు కాగితాలు దాచుకోవచ్చు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. జనం వివరాలు దాచాలి, ప్రభుత్వం పద్దులు కాదు!

చివరిగా ఇది వినండి! 2011లో వియన్నాకు చెందిన మాక్స్ ష్రెమ్స్ అనే లా విద్యార్థి ఫేస్‌బుక్‌కు ఒక చిన్న అర్జీ పెట్టాడు. నా గురించి మీ దగ్గర ఏముందో పంపండి, అంతే! ఏమొచ్చిందో తెలుసా? 1,222 పేజీలు! తను చెరిపేశాననుకున్నవి కూడా అందులో ఉన్నాయి! మన చట్టం కింద ఆ అర్జీ పెట్టుకునే వీలు 2027 మేలో మనకూ వస్తోంది. మనకిచ్చేది సారాంశం మాత్రమేనని రాశారు. సారాంశమైనా సరే, అడుగుదాం! మీరు మొదట ఏ కంపెనీకి రాస్తారు?